నిరాకరణను కాగితం మీదికి రప్పించడం: ఒక గ్రామ జాతర నాటకం కేసు

గుడి ఉత్సవాల్లో సంప్రదాయ ప్రదర్శనలకు పోలీసు అనుమతి రాలేదంటూ మా దగ్గరికి వచ్చే కేసులు దాదాపు ఒకే తీరులో ఉంటాయి. జాతర దగ్గర పడింది, ఎస్సై గారు కుదరదన్నారు, నాటకం వాళ్ళకు బయానా ఇచ్చేశాం, ఏదో ఒకటి చెయ్యండి అంటారు. హైకోర్టుకు పరుగెత్తి, దొరికిన ఉత్తర్వుతో ఆ ఏడాదికి గట్టెక్కుతారు. మరుసటి ఏడు మళ్ళీ మొదటికే వస్తుంది. ఈ కేసు అలా ముగియలేదు. ఎక్కడ ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో రాసిపెడితే తోటి న్యాయవాదులకూ ఉత్సవ కమిటీలకూ పనికొస్తుందని రాస్తున్నాను. ఊరి పేరు, మండలం, వ్యక్తుల వివరాలు ఇవ్వడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు సంగతులు మార్చాను.

నేపథ్యం

ఆంధ్రప్రదేశ్‌లో ఒక కోస్తా జిల్లా గ్రామం. ఊరి అమ్మవారికి ఏటా వేసవిలో జాతర జరుగుతుంది. మొదటి రోజు గరగలు, అంటే అమ్మవారి పేరున తల మీద మోసే అలంకరించిన కుండలు, ఊరేగుతాయి. రెండో రోజు సాయంత్రం ఆడవాళ్ళ కోలాటం, మగవాళ్ళ చెక్కభజన, ఆ రాత్రి తెల్లవార్లూ పద్యనాటకం. గుడి దేవాదాయ శాఖ లెక్కల్లో ఉన్నా ఆదాయం చాలా తక్కువ. చుట్టుపక్కల ఇలాంటి గుళ్ళన్నిటికీ కలిపి ఒకే కార్యనిర్వహణాధికారి ఉన్నారు. అందువల్ల జాతర నడిపే బాధ్యత మొదటి నుంచీ ఊరి ఉత్సవ కమిటీదే.

ఊళ్ళో రెండు వీధుల మధ్య ఒక పాత వివాదం ఉంది. గరగ గుడి నుంచి బయలుదేరాక ముందు ఏ వీధి మొగలో ఆగి పసుపునీళ్ళు పోయించుకోవాలన్నదే ఆ తగాదా. దానికి తోడు, అంతకు ముందు ఏడాది కుర్రకారు చందాలు వేసుకుని చెరువు గట్టు మీద వేరే వేదిక కట్టి రికార్డింగ్ డాన్సు పెట్టించారు. అర్ధరాత్రి దాటాక అక్కడ కొట్లాట జరిగి కొందరి తలలు పగిలాయి. కేసు నమోదైంది.

ఆ మరుసటి ఏడు కమిటీ వాళ్ళు అనుమతి కోసం స్టేషన్‌కు వెళ్తే, ఈసారి జాతరలో పూజలు తప్ప ఏ కార్యక్రమమూ ఉండదని నోటిమాటగా చెప్పారు. దరఖాస్తు తీసుకున్నారు గాని అందినట్టు సంతకం పెట్టలేదు.

మా దగ్గరికి వచ్చేసరికి

కమిటీ అప్పటికే రెండు దారులు తొక్కి చూసింది. మొదటిది సిఫారసు. ఒక నాయకుడి చేత స్టేషన్‌కు ఫోను చేయించారు. ఆ సంగతి రెండో వీధికి తెలిసి, జాతరను ఒక పార్టీ వాళ్ళు తమ చేతుల్లోకి తీసుకుంటున్నారని ఎదురు అర్జీ పెట్టారు. అంతవరకూ పోలీసుల దగ్గర ఉన్నది పాత కేసు ఒక్కటే. ఫోను పుణ్యమా అని కొత్త ఉద్రిక్తతకు కూడా ఆధారం దొరికింది. రెండోది, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ. అది తిరిగి తిరిగి నివేదిక కోసం అదే స్టేషన్‌కు చేరింది.

వాళ్ళ కాగితాలు చూసినప్పుడు నాకు అన్నిటికన్నా ముందు కనిపించిన లోపం, దరఖాస్తు చేరిన చోటు. పోలీసు చట్టం, 1861లోని 30వ సెక్షన్ ప్రకారం ఊరేగింపులకు లైసెన్సు అడిగే అధికారం, ఉత్సవాల్లో వీధుల్లో వాయించే సంగీతాన్ని క్రమబద్ధం చేసే అధికారం ఎస్పీ, ఆయన కింది పర్యవేక్షణాధికారి స్థాయి వాళ్ళవి. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం మైకుకు రాతపూర్వక అనుమతి ఇచ్చే అధికారి కూడా డీఎస్పీ స్థాయికి తగ్గకూడదు. అంటే ఎస్సై గారు క్షేత్రస్థాయి నివేదిక ఇవ్వగలరు, అంతే. అధికారం లేని చోట అడిగి, కాదనిపించుకుని, అదే తుది మాట అని ఊరంతా నమ్మింది.

రెండో సంగతి మరింత ముఖ్యమైనది. 30వ సెక్షన్ మాట్లాడేది రోడ్లు, వీధుల్లో గుమిగూడటం గురించీ ఊరేగింపుల గురించీ. గరగల ఊరేగింపు దాని కిందికి వస్తుంది. గుడి సొంత స్థలంలో వేదిక మీద ఆడే నాటకం ఆ తరహాది కాదు. దానికి ప్రధానంగా కావలసింది మైకు అనుమతి. కమిటీ దరఖాస్తులో మాత్రం గరగలు, కోలాటం, నాటకం, బాణసంచా, మైకు అన్నీ ఒకే వాక్యంలో ఉన్నాయి. అన్నీ కలిపి అడిగితే అన్నిటినీ కలిపే కాదంటారు.

మొదటి నిర్ణయం: తక్కువ అడగడం

పోలీసులు మా జాతరలో జోక్యం చేసుకోకుండా ఉత్తర్వు తెమ్మని కమిటీ పట్టుబట్టింది. నేను ఒప్పుకోలేదు. నిరాకరణ ఉత్తర్వే లేకుండా హైకోర్టులో అలాంటి రిట్ (అధికారులకు ఆదేశం ఇవ్వమని కోరే పిటిషన్) వేస్తే న్యాయస్థానం అడిగే మొదటి ప్రశ్న, కాదన్న కాగితం ఏదీ అని. ప్రభుత్వ న్యాయవాది లేచి దరఖాస్తు ఇంకా పరిశీలనలో ఉందంటారు. పైగా జోక్యం వద్దని అడిగిన క్షణంలో, పోలీసులు ఉండకూడదని కోరుకునే వాళ్ళలా మనమే కనిపిస్తాం. తలలు పగిలిన ఊరు అలా అడగకూడదు.

అందుకని దరఖాస్తును కొత్తగా రాయించి, డీఎస్పీ పేరున రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఎస్పీకి ప్రతి పెట్టించాం. తర్వాత వేసిన రిట్‌లో కోరింది ఒక్కటే: మా దరఖాస్తు మీద కారణాలు చూపుతూ రాతపూర్వకంగా నిర్ణయం తెలపాలి. ఇంత చిన్న కోరికను కాదనడానికి ఎవరికీ కారణం ఉండదు. గడువు పెట్టి ఆ మేరకు ఉత్తర్వు వచ్చింది. ఇంత శ్రమా కాదనిపించుకోవడానికేనా అని కమిటీలో కొందరు నొచ్చుకున్నారు. వాళ్ళకు చెప్పింది ఇదే: నోటిమాటను సవాలు చెయ్యలేం. కారణం కాగితం మీద ఉంటేనే దానికి జవాబు చెప్పగలం. మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు, ఉత్తర్వులో లేని కారణాలను తర్వాత అఫిడవిట్‌లో చేర్చి దాన్ని నిలబెట్టుకోవడానికి వీల్లేదు. అధికారి ఏ కారణాలు రాస్తారో అవే ఆయన హద్దులు.

ఉత్తర్వు వచ్చింది. డీఎస్పీ కాదన్నారు. కారణాలు మూడు: గత ఏడాది నమోదైన కేసు, రికార్డింగ్ డాన్సులో అశ్లీలత, వీధుల మధ్య ఉద్రిక్తత.

కారణాలను విడివిడిగా చదవడం

గత ఏడాది ఎఫ్‌ఐఆర్ ప్రతి తెచ్చి చదివాం. ఘటనా స్థలం చెరువు గట్టు. సమయం అర్ధరాత్రి దాటాక. ఆ వేళ గుడి దగ్గర నాటకం నడుస్తూనే ఉంది, అక్కడ ఒక్క సంఘటన కూడా లేదు. ఎఫ్‌ఐఆర్‌లో నాటకం ప్రస్తావనే లేదు. దాన్ని చూపి నాటకాన్ని ఆపడానికి ఆధారం లేదని పోలీసుల సొంత కాగితమే చెబుతోంది.

రెండో కారణానికి జవాబు అనుకోని చోట దొరికింది. నాటకం ఆచారమని రుజువు ఏమిటని అడిగితే, కమిటీలో ఒక పెద్దాయన ఇంటి నుంచి జాతర జమాఖర్చుల పుస్తకాలు పట్టుకొచ్చారు. ఎర్ర గుడ్డ అట్ట, పొడవాటి కాగితాలు, ఇంకు అక్కడక్కడా చెమ్మకు పాకింది. ఏడాదికి రెండు మూడు పేజీలు. "గరగల వారికి పసుపు బట్టలు", "పెట్రోమాక్సు లైట్ల కిరాయి", "హార్మోనియం ఆయనకు బత్తెం", "నాటకం వారికి చదివింపులు" అని వరసగా పద్దులు. మైకు కిరాయి పద్దు చాలా పేజీల తర్వాతగాని రాదు. రికార్డింగ్ డాన్సు పద్దు ఏ పుస్తకంలోనూ లేదు. ఎందుకంటే దాన్ని కమిటీ ఎప్పుడూ పెట్టలేదు. ఏళ్ళ నాటి కరపత్రాలు కూడా కొన్ని దొరికాయి, వాటిలోనూ కార్యక్రమాల వరస అదే.

ఆచారాన్ని అఫిడవిట్‌లో "అనాదిగా" అని ఒక్క మాటలో రాసేయడం మా వృత్తిలో అలవాటైపోయింది. ఆ మాటకు విలువ లేదు. హార్మోనియం వాయించినతనికి బత్తెం ఇచ్చిన పద్దుకు విలువ ఉంది. అది కేసు కోసం పుట్టిన కాగితం కాదు. ఎంపిక చేసిన పేజీలు ఫోటో తీయించి, తేదీల వరసలో పెట్టి, నిరాకరణ తర్వాత మళ్ళీ రాసిన కొత్త దరఖాస్తుకు జత చేశాం. రికార్డింగ్ డాన్సు పెట్టబోమనీ, ఊళ్ళో ఇంకెవరైనా పెట్టబోతే తామే స్టేషన్‌కు తెలియజేస్తామనీ కమిటీ హామీపత్రం ఇచ్చింది. దీనికి కుర్రవాళ్ళను ఒప్పించడం అంత తేలిగ్గా జరగలేదు. ఆ డాన్సుల కోసం పద్యనాటకాన్నీ కోలాటాన్నీ పణంగా పెడతారా అని ఇంట్లో ఆడవాళ్ళు అడిగాక ఒప్పుకున్నారు. ఆరు నెలలుగా సాయంత్రాలు కోలాటం నేర్చుకుంటున్నది ఆ ఆడవాళ్ళే.

ఫలించని ప్రయత్నం

మూడో కారణం, వీధుల ఉద్రిక్తత, అబద్ధం కాదు. తహసీల్దారు సమక్షంలో శాంతి సమావేశం పెట్టించి గరగ మొదట ఆగే చోటు మీద రాజీ కుదర్చాలని చూశాం. కుదరలేదు. ఒక ఏడాది ఒకరు, మరుసటి ఏడాది ఇంకొకరు అన్న సూచనను ఇద్దరూ తిరస్కరించారు. ఇలాంటి మర్యాదల విషయంలో వంతు ఒప్పుకోవడమంటే హక్కు వదులుకోవడమేనని ఇరుపక్షాలూ భావిస్తాయి.

అప్పుడు రెండు దారులు కనిపించాయి. రాజీ కోసం ఇంకా పట్టుబట్టి జాతర రోజు దాకా లాగడం, లేదా ఆ వివాదాన్ని ఈ కేసు నుంచి విడదీయడం. రెండో దారే ఎంచుకున్నాం. గుడిలో ఎవరికి ఏ మర్యాద దక్కాలి, స్థిరపడిన వాడుక ఏమిటి అన్నది 1987 నాటి దేవాదాయ చట్టం 87వ సెక్షన్ కింద ఎండోమెంట్స్ ట్రిబ్యునల్ తేల్చవలసిన విషయం. డీఎస్పీ తేల్చేది కాదు, రిట్‌లో తేలేదీ కాదు. అందుకని ఆ ఏడాది గరగ రెండు వీధుల్లోనూ ఆగకుండా పెద్ద రోడ్డు మీదుగా ఊరు చుట్టి రావాలనీ, ఇది ఎవరి హక్కుకూ భంగం కాదనీ, ట్రిబ్యునల్ తీర్పుకు లోబడి ఉంటుందనీ కమిటీ తీర్మానం చేసింది. పసుపునీళ్ళ బిందెలతో గుమ్మాల్లో నిలబడే ముసలమ్మలకు ఇది కష్టం కలిగించే మాట. తెలిసే చేశాం. నాటకం, కోలాటం నిలబడాలంటే వివాదం ఉన్న ముక్కను పక్కకు తీయక తప్పదు.

మనకు ఎదురు నిలిచే సంగతిని మనమే చెప్పడం

నాటకం వేదిక గుడి ముందు మైదానంలో వేస్తారు. రోడ్డు అవతల ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. టేపు పట్టి కొలిపిస్తే వేదిక 100 మీటర్ల లోపే ఉంది. ఆసుపత్రుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా పరిగణించాలని శబ్ద నియమాలు చెబుతాయి. డీఎస్పీ ఉత్తర్వులో ఈ కారణం లేదు, ఎవరూ గమనించలేదు. పైగా 2017 సవరణను పట్టుకుని, రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప నిశ్శబ్ద మండలం కాదని వాదించే వీలుంది.

ఆ వాదన చెయ్యలేదు. లోపల పురిటి మంచాలున్న భవనం ముందు బాక్సులు పెట్టి, నోటిఫికేషన్ చూపించమని అడగడం అమ్మవారి పేరు మీద చెయ్యవలసిన పని కాదు. వ్యూహంగా చూసినా అదే సరైనది. పోలీసులో, ఎదుటి వీధి వాళ్ళో ఆఖరి నిమిషంలో ఆ సంగతి లేవనెత్తితే అప్పటిదాకా కూడగట్టుకున్న నమ్మకమంతా పోతుంది. వేదికను గుడి వెనక మామిడి తోపులోకి మార్చి, కొలతలతో పటం గీయించి, ఆరోగ్య కేంద్రం కారణంగానే మార్చామని దరఖాస్తులో మేమే రాశాం. తర్వాతి పరిణామాల్లో ఈ ఒక్క పేరా చాలా పని చేసిందని నా నమ్మకం.

తెల్లవార్లూ నాటకం, రాత్రి పది గంటల నియమం

ఈ కేసులో అన్నిటికన్నా చిక్కు ముడి ఇది. నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ స్థలంలో మైకు వాడకూడదు. 5వ నియమం చదివితే మైకు ఒక్కటే కాదు, ధ్వని పరికరాలు, సంగీత వాద్యాలు కూడా కూడదని ఉంది. మైకు ఆపేసి హార్మోనియం, తబలాతో ఆడుకుంటాం అన్నా నియమం ఒప్పుకోదు. సాంస్కృతిక, మతపరమైన పండుగల సందర్భంగా రాష్ట్ర ప్రభుత్వం 10 నుంచి 12 వరకు సడలింపు ఇవ్వవచ్చు. అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. ఈ అధికారాన్ని సుప్రీంకోర్టు 2005లో సమర్థించింది. కానీ ఈ జాతర తేదీకి అలాంటి సడలింపు లేదు. డీఎస్పీకి దాన్ని ఇచ్చే అధికారమూ లేదు. ఆయన్ను అడగడం అనవసరం.

ఇంతకాలం చూసీ చూడనట్టు ఊరుకున్నారు కదా, ఈసారీ అలాగే పోనిద్దాం అన్నారు కమిటీ వాళ్ళు. దానికి నేను ససేమిరా అన్నాను. చూసీ చూడనట్టు నడిచే జాతర ఎప్పుడూ ఒకరి దయ మీదే నడుస్తుంది. ఆ దయ ఆగిన ఏడాదే వీళ్ళు నా దగ్గరికి వచ్చారు.

నియమంలోనే ఒక వెసులుబాటు ఉంది. సభామందిరాలు, సామూహిక భవనాల వంటి మూసి ఉన్న ప్రదేశాల్లో లోపలి వాళ్ళకు వినపడే మేరకు రాత్రిపూట కూడా వాడుకోవచ్చు. గుడికి నాలుగు గోడలు, తలుపులున్న కల్యాణ మండపం ఉంది. దాంతో కార్యక్రమం ఇలా మార్చాం: కోలాటం, చెక్కభజన మొదటి రోజు సాయంత్రానికి మారాయి. రెండో రోజు నాటకం పొద్దువాలకముందే తోపులో మొదలై 10 కొట్టేసరికి ఆగుతుంది. ఆపైన చివరి అంకం, మంగళహారతి మండపం లోపల, తలుపులు వేసి, బయటికి ఒక్క స్పీకరు కూడా లేకుండా. పరిమిత సంఖ్యలో జనం.

పెద్దాయన కాసేపు ఆలోచించి అన్నారు: "మా నాన్నగారి కాలంలో మైకు లేదు లాయరు గారూ. పద్యం అందుకుంటే చెరువు దాకా వినపడేది. గోడల మధ్యయితే ఇంకా బాగానే ఉంటుంది." నాటక సమాజం వాళ్ళకు మాత్రం ఇబ్బందే అయింది. ఎండ వేళ రంగు పూసుకోవడం, మధ్యలో కిరీటాలు, తెరలు మోసుకుని మండపంలోకి మారడం. వాళ్ళు ఒప్పుకున్నారు. బయానా తిరిగి ఇవ్వాల్సిన స్థితి వాళ్ళకూ అక్కర్లేదు.

ఫలించినది

కొత్త దరఖాస్తును ఈసారి కమిటీ ఒక్కటే కాక గుడి కార్యనిర్వహణాధికారి కూడా సంతకం చేసి పంపారు. దానితో గుడి వెలుపలి వ్యక్తుల కార్యక్రమం అన్న మాటకు తావు పోయింది. కరెంటుకు తాత్కాలిక కనెక్షను రశీదు, పటం, వాలంటీర్ల ఫోను నంబర్ల జాబితా, నాటకం పేరు, పాత్రధారుల వివరాలు జత చేశాం.

దానితో పాటు ఒక కఠినమైన కోరిక పెట్టాం. శాంతిభద్రతల భయం కొందరు వ్యక్తుల వల్లే అయితే, ఆ వ్యక్తుల మీద చర్య తీసుకోవడానికి చట్టంలో దారి ఉంది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 126వ సెక్షన్ కింద తహసీల్దారు బైండోవర్ చేయవచ్చు, అంటే శాంతికి భంగం కలిగించబోమని పూచీకత్తు రాయించుకోవచ్చు. పాత 107వ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చినది ఇదే. గత ఏడాది కేసులో ఉన్న ఇరుపక్షాల వాళ్ళనూ బైండోవర్ చేయమని మేమే రాశాం. అందులో కమిటీ సభ్యుల పిల్లలూ ఉన్నారు. సొంత కొడుకు పేరున్న కాగితం మీద తండ్రి సంతకం పెట్టిన దృశ్యం చూశాను. పదిమంది మీద పూచీకత్తు తీసుకుంటే సరిపోయే చోట ఊరంతటి ఉత్సవాన్ని ఆపడం తగదన్న వాదనకు అంతకన్నా బలం ఇంకెక్కడా దొరకదు.

నిరాకరణ ఉత్తర్వును సవాలు చేస్తూ రెండో రిట్ కూడా సిద్ధం చేసి దాఖలు చేశాం. హిమత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పినదే అందులో ప్రధానం: బహిరంగ సభలను పోలీసులు క్రమబద్ధం చేయవచ్చు, కానీ మార్గదర్శకాలు లేకుండా ఇష్టానుసారం నిరాకరించే అధికారం చెల్లదు. విచారణ రోజున ప్రభుత్వ న్యాయవాది పోలీసుల నుంచి సూచనలు తెప్పించుకున్నారు. మారిన వేదిక, మారిన వేళలు, ఊరేగింపు దారి, హామీపత్రం చూశాక షరతులతో అనుమతి ఇవ్వడానికి అభ్యంతరం లేదని డీఎస్పీ తెలిపారు. దాన్ని నమోదు చేసి న్యాయస్థానం రిట్‌ను ముగించింది. షరతులన్నీ దాదాపు మా దరఖాస్తులో మేము రాసుకున్నవే.

జాతర జరిగింది. మండపంలో మంగళహారతి అయ్యేసరికి బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుళ్ళు కూడా లోపలే నిలబడి ఉన్నారు.

తర్వాత గమనించినవి

ఇలాంటి కేసులు తీసుకునే వాళ్ళు మొదట అడగవలసింది కార్యక్రమాల జాబితా. అందులో ప్రతిదానికీ ఏ చట్టం, ఏ అధికారి, ఏ వేళ అని విడగొడితే, పోలీసుల అసలు భయం ఒకటి రెండు అంశాల మీదే ఉందని చాలాసార్లు తేలుతుంది. ఈ కేసులో అది రికార్డింగ్ డాన్సు, గరగ ఆగే చోటు. నాటకాన్నీ కోలాటాన్నీ వాటికి ముడిపెట్టింది పోలీసులు మాత్రమే కాదు, కమిటీ దరఖాస్తు కూడా.

బేరం కోసం ఎక్కువ అడిగి తగ్గుదామనే ఆలోచన ఇక్కడ పనికిరాదు. షరతులు మనమే ముందుగా రాసుకుంటే అవి మనం పాటించగలిగేవిగా ఉంటాయి. అధికారి రాసే షరతుల్లో కొన్ని పాటించడం సాధ్యం కాకపోవచ్చు. వాటిని ఉల్లంఘిస్తే మరుసటి ఏడాది నిరాకరణకు అదే కారణమవుతుంది.

రాత్రి నాటకం విషయంలో మాత్రం దీన్ని పూర్తి విజయమని చెప్పలేను. తెల్లవార్లూ చాపలు పరుచుకుని కూర్చుని జనం చూడవలసిన నాటకం చివరి అంకాన్ని మండపంలో పట్టినంతమందే చూశారు. పిల్లల్ని వేసుకుని వచ్చిన చాలామంది పదింటికే వెనుదిరిగారు. జానపద, పౌరాణిక ప్రదర్శనలు జరిగే గ్రామ జాతరల రోజులను ఆ 15 రోజుల సడలింపులో చేర్చాలని జిల్లాలవారీగా తేదీలతో ప్రభుత్వానికి విన్నపం పెట్టడం ఒక్క కమిటీ చేయగల పని కాదు. నాలుగైదు మండలాల కమిటీలు కలిసి దేవాదాయ శాఖ ద్వారా కదపాలి. ఆ పని మొదలుపెట్టాం. గరగ ఆగే చోటు వివాదం ట్రిబ్యునల్‌లో నడుస్తోంది. జమాఖర్చుల పుస్తకాల అసలు ప్రతులు ఇప్పుడు అక్కడ దాఖలై ఉన్నాయి. తీర్పు వచ్చేదాకా గరగ పెద్ద రోడ్డు మీదుగానే తిరుగుతుంది.